చేతులు రుద్ది చూపించా, తప్పు చెప్పా: క్యాప్సూల్ ముందు గాలిలో అసలేం జరుగుద్ది?

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నా.

రాకెట్ల మీద మొన్న చేసిన వీడియో గుర్తుందా? అంతరిక్షం నుంచి తిరిగొచ్చే క్యాప్సూల్ ఎందుకు అంత వేడెక్కుద్దో చెప్తూ, "రెండు చేతులూ గట్టిగా రుద్దండి, వేడి పుట్టిందా? అంతే, గాలితో రాపిడి" అని చెప్పేశా. చేతులు రుద్ది మరీ చూపించా. కర్మేందంటే, మీరందరూ ఎక్కువగా షేర్ చేసింది ఆ ముక్కే.

రెండ్రోజుల తర్వాత ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోందంట. "అన్నా, రాపిడి వాటా చాలా తక్కువ. ముందు గాలి నలిగిపోద్ది, తర్వాత అణువులు ఊగుతాయి, ఊగి జతలు మార్చుకుంటాయి. అసలు కథ అది. నువ్వు చేతులు రుద్దించి వదిలేశావు" అని. నిజం చెప్తున్నా, మొదట ఈగో అడ్డమొచ్చింది. "నేను బీటెక్" అని టైప్ చేసి డిలీట్ చేశా. తర్వాత మూడు వారాలు ఇదే పని మీద కూర్చున్నా. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పైగా ఆ కథకి మన ఊరి పక్కనే ఒక ఉదాహరణ ఉంది, అది నాకు చిన్నప్పట్నించీ తెలుసు, కానీ దాని లోపల ఏముందో తెలీదు.

2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ7 పోయింది. అప్పట్లో శ్రీహరికోట మన నెల్లూరు జిల్లానే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి పోయింది. పోతే పోయింది, రాకెట్ లేస్తే మా మిద్దె మీదకి ఇప్పటికీ కనిపిస్తుంది, కాబట్టి మాదే. ఆ రాకెట్‌లో కార్టోశాట్-2తో పాటు 550 కిలోల ఒక పెట్టె పోయింది. పేరు ఎస్ఆర్ఈ-1, అంటే పైకి పోయి తిరిగి రావడం కోసమే చేసిన క్యాప్సూల్. పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి, జనవరి 22 పొద్దున 9 గంటల 46 నిమిషాలకి శ్రీహరికోటకి తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. కక్ష్యలోకి పంపిన వస్తువుని ఇస్రో వెనక్కి తెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆరోజు సోమవారం. నేను నాలుగో తరగతి. మైపాడులో మా మామకి పడవ ఉండేది. రాకెట్ రోజున సముద్రంలోకి పోవద్దంటారు కదా, అది ఆయనకి అలవాటే. కానీ ఈసారి "పైనించి పెట్టె పడుద్దంట అబ్బయ్యా, అదేమన్నా కొబ్బరికాయా, చెప్పిన చోట పడేదానికి?" అని నవ్వాడు. అది చెప్పిన చోటే పడింది. నాకప్పుడు వచ్చిన డౌట్ వేరే. "మామా, అది కాలిపోలేదా?" అని అడిగితే, "కాలకుండా ఏందో పెంకులు అంటించినారంట" అన్నాడు. మా మామ మాట కూడా నిజమే. ఆ పెంకుల దగ్గరికి చివర్లో వద్దాం.

ముందు లెక్క చూద్దాం. వంద కిలోమీటర్ల ఎత్తులో చిక్కటి గాలిలోకి దిగేటప్పుడు దాని వేగం సెకనుకి 8 కిలోమీటర్లు. మైపాడు నుంచి నెల్లూరు టౌనుకి మూడు సెకన్లలో వచ్చేసే వేగం. 550 కిలోలకి ఆ వేగంతో ఉండే శక్తి లెక్కేస్తే సుమారు 1760 కోట్ల జౌళ్లు. కరెంటు బిల్లు భాషలో 4,900 యూనిట్లు. వంట గ్యాస్ భాషలో 27 సిలిండర్లు. విన్నప్పుడు "ఇంతేనా?" అనిపించింది నాకు. కానీ ఆ 27 సిలిండర్లూ కొన్ని నిమిషాల్లో ఒకే పెట్టె చుట్టూ ఖర్చవ్వాలి. అందులో చాలా చిన్న వాటా పెట్టెలోకి పోయినా పని అయిపోయినట్టే.

మరి ఆ శక్తి ఎక్కడికి పోద్ది? ఎక్కువ భాగం గాలికి పోద్ది. క్యాప్సూల్ ముక్కు మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది చూడండి, అది కావాలనే చేసింది. 1950లలో అమెరికాలో జూలియన్ అలెన్ అనే ఆయన ఈ సంగతి పట్టుకున్నాడు: సూదిలాంటి ముక్కు పెడితే వేడి ముక్కుకే అంటుకుంటుంది, మొద్దు ముక్కు పెడితే దాని ముందు గాలి గోడలాగా నిలబడి, వేడిలో ఎక్కువ భాగాన్ని గాలే మోసుకుపోద్ది. ఆ గోడే షాక్ వేవ్. పెట్టె వస్తున్న సంగతి ముందున్న గాలికి తెలీదు. తెలియాలంటే వార్త శబ్ద వేగంతో పోవాలి, పెట్టె దానికంటే ఇరవై రెట్లకి పైగా వేగంతో వస్తోంది. కాబట్టి గాలికి పక్కకి తప్పుకునే టైమే లేదు, ఉన్నచోటే నలిగిపోద్ది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు కాలుద్ది కదా, అట్లాంటిది. నేను చేతులు రుద్దే బదులు పంపు చూపించాల్సింది.

ఇక్కడి నుంచి కెమిస్ట్రీ. భయపడకండి, నేను కూడా ఇంటర్ కెమిస్ట్రీలో బోర్డర్ మార్కులోడినే.

అణువుల లోకంలో శక్తిని ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో కొలుస్తారు. మనం దాన్ని రూపాయి అనుకుందాం, లెక్క తేలిక. గాలిలో ఎక్కువ ఉండేది నైట్రోజన్. రెండు నైట్రోజన్ పరమాణువులు మూడు బంధాలతో కరుచుకుని ఉంటాయి. ఆ జత విడగొట్టాలంటే 9.8 రూపాయలు కట్టాలి. ఆక్సిజన్ జతకి 5.1 చాలు. పెట్టె మీద కూర్చుని చూస్తే ఎదురొచ్చే ఒక్కో నైట్రోజన్ అణువు దగ్గర వేగం రూపంలో ఉన్న సొమ్ము ఎంతో తెలుసా? సుమారు 9.3 రూపాయలు. అంటే దాని బంధం తెంచుకునేందుకు కావాల్సిన డబ్బు దాదాపు అంతా తన దగ్గరే ఉంది!

మరి వెంటనే తెగిపోదా? పోదు. ఎందుకంటే డబ్బు వేరే జేబులో ఉంది.

రెండు పరమాణువుల అణువుకి మూడు జేబులు ఉంటాయనుకోండి. ఒకటి, మొత్తం అణువు అటూ ఇటూ పరిగెత్తే వేగం. రెండు, అది గిరగిరా తిరగడం. మూడు, రెండు పరమాణువులూ స్ప్రింగుకి కట్టిన గుండ్లలాగా దగ్గరికీ దూరానికీ ఊగడం. దీన్నే కంపనం అంటారు. బంధం తెగాలంటే మూడో జేబు నిండాలి. ఎందుకంటే బంధం తెగడం అంటే ఊగి ఊగి తిరిగి దగ్గరికి రాకపోవడమే.

షాక్ వేవ్ దాటిన క్షణంలో డబ్బంతా మొదటి జేబులో పడుద్ది. రెండో జేబుకి కొద్దిపాటి ఢీలతోనే పంచుకుంటుంది. మూడోది మాత్రం మహా పిసినారి. నైట్రోజన్ స్ప్రింగు చాలా బిగుతు. దాన్ని ఊపాలంటే సొమ్ము చిల్లరగా తీసుకోదు, 29 పైసల మెట్లుగానే తీసుకుంటుంది. 28 పైసలిస్తే ఒక్క పైసా పుచ్చుకోదు. ఇప్పుడు మీరు ఫోన్ పట్టుకుని కూర్చున్న గదిలో నైట్రోజన్ అణువుల్లో మొదటి మెట్టు మీద ఉన్నవి లక్షకి ఒకటీ అరా మాత్రమే. మిగతావన్నీ కింద మెట్టు మీదే. గది వేడిలో ఒక అణువుకి ఒక మెట్టు ఎక్కించాలంటే కోట్లకొద్దీ ఢీలు కావాలి. షాక్ వెనక వేల డిగ్రీల్లో అది వేల ఢీలకి దిగుద్ది. అయినా ఆలస్యమే. జీతం సేలరీ అకౌంట్‌లో పడింది, కానీ కొట్టువాడికి ఇవ్వాల్సింది వేరే అకౌంట్ నుంచి, ఆ ట్రాన్స్‌ఫర్ "ప్రాసెసింగ్" అని తిరుగుతూ ఉంది. అదీ పరిస్థితి.

అందుకే ఆ గాలికి "ఉష్ణోగ్రత ఎంత?" అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. పరుగు ఉష్ణోగ్రత వేరు, ఊగుడు ఉష్ణోగ్రత వేరు. ఒకే గాలి, ఒకే చోటు, ఒకే క్షణం, రెండు థర్మామీటర్లు. నాకు ఇది చదివినప్పుడు నిజంగా బుర్ర తిరిగింది. నాసా ఏమ్స్‌లో పనిచేసిన చుల్ పార్క్ 1980లలో దీనికి ఒక చిట్కా లెక్క పెట్టాడు: అణువులు విడిపోయే వేగం కోసం రెండు ఉష్ణోగ్రతలనీ గుణించి వర్గమూలం తీయండి అని. పరుగు 16,000, ఊగుడు 4,000 అయితే, చర్యకి 8,000 డిగ్రీలు ఉన్నట్టు లెక్క. ప్రోగ్రామర్‌గా చెప్తున్నా, ఇది "ప్రస్తుతానికి నడుస్తోంది, ముట్టుకోవద్దు" టైపు కోడ్. కానీ దశాబ్దాలుగా క్యాప్సూల్ డిజైన్లలో వాడుతున్నారు. ఇప్పుడు ఒక్కో మెట్టునీ విడివిడిగా లెక్కకట్టే పద్ధతులు వస్తున్నాయి, కంప్యూటర్లు తట్టుకున్నంత వరకు.

సరే, ఆ అమ్మాయి అన్న "జత మార్పిడి" ఏంది?

ఆక్సిజన్ బంధం బలహీనం కదా, 5.1 రూపాయలే. కాబట్టి ముందు అది తెగుద్ది. ఒంటరి ఆక్సిజన్ పరమాణువులు బయటికొస్తాయి. అలాంటి ఒకటి పోయి నైట్రోజన్ జతని గుద్దుకుంటుంది. నైట్రోజన్‌ని పూర్తిగా విడగొట్టాలంటే 9.8 కట్టాలి. కానీ ఆక్సిజన్ ఒక నైట్రోజన్‌ని తన వైపు లాక్కుంటే, కొత్త జత, అంటే నైట్రిక్ ఆక్సైడ్, 6.5 రూపాయలు తిరిగి ఇస్తుంది. చేతి నుంచి పడేది 3.3 మాత్రమే. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది కొన్నట్టు. మిగిలిన ఒంటరి నైట్రోజన్ ఊరుకోదు, ఇంకో ఆక్సిజన్ జతని గుద్ది, అక్కడ 5.1 కట్టి 6.5 తీసుకుని, 1.4 లాభంతో ఇంకో నైట్రిక్ ఆక్సైడ్ చేసి, ఒక ఆక్సిజన్‌ని ఒంటరిగా వదులుద్ది. అది మళ్లీ మొదటికి. ఈ గొలుసుని 1940లలో సోవియట్ శాస్త్రవేత్త యాకొవ్ జెల్దోవిచ్ వివరించాడు, మంటల్లో, పేలుళ్లలో నైట్రిక్ ఆక్సైడ్ ఎలా పుడుతుందో చెప్పేందుకు. ఆయనకి డిగ్రీ పట్టా లేదు, నేరుగా పరిశోధనలోకి పోయాడు. బీటెక్ అని టైప్ చేసి డిలీట్ చేసిన నాకు ఈ విషయం తెలిసిన రోజు కొంచెం గుచ్చుకుంది.

ఈ గొలుసులో కష్టమంతా మొదటి లింకులోనే ఉంది, ఆ 3.3 రూపాయల దగ్గర. ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 3.3ని పరుగు జేబులోంచి కట్టినా, ఊగుడు జేబులోంచి కట్టినా ఒకటేనా? రూపాయి రూపాయే కదా?

కాదు. ఇక్కడే నాకు మూడు వారాల్లో రెండు వారాలు పోయింది.

ఒక సందు ఊహించుకోండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బోలెడు ఉంటాయి అలాంటివి. కొంత దూరం నేరుగా పోయి, ఒక్కసారిగా కుడికి తిరుగుద్ది. సందు మొదటి భాగం అంటే ఆక్సిజన్ దగ్గరికి వస్తూ ఉండడం. మలుపు తిరిగాక రెండో భాగం అంటే పాత నైట్రోజన్ జత విడిపోతూ ఉండడం. దారిలో ఒక మట్టి గట్టు ఉంది, దాన్ని దాటితే చర్య అయినట్టు. గట్టు మలుపుకి ముందే ఉంటే, బండి స్పీడుగా పోనిస్తే చాలు, ఎగిరి దాటేస్తుంది. కానీ గట్టు మలుపు తర్వాత ఉంటే? ఎంత స్పీడుగా పోనిస్తే అంత గట్టిగా ఎదురు గోడకి తగిలి వెనక్కి వస్తావు. ఆ గట్టు దాటాలంటే నీకు కావాల్సింది కుడివైపుకి పోయే ఊపు. మొదటి భాగంలో వచ్చేటప్పుడే అటూ ఇటూ ఊగుతూ వస్తే, మలుపు దగ్గర ఆ ఊగుడే ముందుకి పోయే వేగంగా మారుద్ది.

ఆ "అటూ ఇటూ ఊగుడు" ఏంది? నైట్రోజన్ జత కంపనమే. సందు అడ్డం అంటే ఆ రెండు పరమాణువుల మధ్య దూరం. మలుపు తర్వాత పోవాల్సిన దిక్కు కూడా అదే.

గట్టు ముందుంటే పరుగు, వెనకుంటే ఊగుడు. ఈ సూత్రాన్ని 1960ల చివర్లో టొరంటోలో జాన్ పొలాన్యీ తేల్చాడు. 1986లో డడ్లీ హెర్ష్‌బాక్, యువాన్ లీతో కలిసి కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్నాడు. చేతి నుంచి డబ్బు పడే చర్యల్లో, అంటే మన 3.3 రూపాయల లాంటి వాటిలో, గట్టు సాధారణంగా మలుపు తర్వాతే ఉంటుంది.

ఇది కాగితం మీద మాటేనా అంటే, 1971లో చేసి చూశారు. అమెరికా హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ ఉంది (మన బియ్యానికీ దానికీ సంబంధం లేదు, నెల్లూరోడిని కాబట్టి చెప్పాల్సొచ్చింది). అక్కడి ఫిలిప్ బ్రూక్స్ వాళ్లు పొటాషియం పరమాణువుల్ని హైడ్రోజన్ క్లోరైడ్ మీదకి వదిలారు. పొటాషియం క్లోరిన్‌ని లాక్కుని హైడ్రోజన్‌ని వదిలేయాలి. మామూలుగా అది చాలా అరుదుగా జరుగుద్ది. లేజర్‌తో హైడ్రోజన్ క్లోరైడ్‌ని ఒకే ఒక్క మెట్టు, 36 పైసలు, ఊపి వదిలారు. చర్య వంద రెట్ల దాకా పెరిగింది. అంతే శక్తిని వేగంగా ఇస్తే ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఆ లేజర్ కథ ఇంకా బాగుంటుంది. అది హైడ్రోజన్ క్లోరైడ్ లేజరే. హైడ్రోజన్ పరమాణువు క్లోరిన్ జతని గుద్దినప్పుడు పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్ విపరీతంగా ఊగుతూ బయటికొస్తుంది. ఆ ఊగుడులోంచి వచ్చే వెలుగుని పొలాన్యీ 1958లోనే పట్టుకున్నాడు. ఆ ఊగుడుతోనే 1965లో కాస్పర్, పిమెంటెల్ అనే ఇద్దరు మొదటి రసాయన లేజర్ చేశారు. ఆ కాస్పరే 1971 ప్రయోగంలోనూ ఉన్నాడు. అంటే ఒక చర్య బయటికి ఉమ్మేసిన ఊగుడుని తీసుకొచ్చి ఇంకో చర్యకి ఊపుగా పెట్టారు. డబ్బు వచ్చే దిశలో చర్య ఊగుడుగా ఇస్తే, అదే చర్యని వెనక్కి నడపాలంటే ఊగుడుగానే కట్టాలి. రివర్స్ చేసిన వీడియోలాగా.

ఆ లాజిక్ మన నైట్రోజన్‌కీ పెట్టి చూడొచ్చు. వెనక్కి నడిపితే: ఒంటరి నైట్రోజన్ నైట్రిక్ ఆక్సైడ్‌ని గుద్ది, నైట్రోజన్ జత పుడుతుంది, 3.3 రూపాయలు లాభం. ఆ లాభంలో దాదాపు పావు వంతు కొత్త జత ఊగుడులోకి పోద్దని కొలిచారు. పావు అంటే చాలా ఎక్కువ, కానీ మొత్తం కాదు. కాబట్టి మన చర్యకి ఊగుడు సాయం గట్టిదే, కానీ ఊగుడొక్కటే చాలదు, పరుగూ కావాలి. ఈ పాయింట్ స్క్రిప్టులో నేను ముందు రాయలేదు. "అన్నీ ఊగుడే" అని రాసుకున్నా. ఆ అమ్మాయికి స్క్రిప్టు పంపితే ఎర్ర గీత గీసి పంపింది.

మెట్ల లెక్క కూడా చెప్తా. 29 పైసల మెట్లు, పైకి పోయేకొద్దీ కొంచెం కురచవుతాయి. 3.3 రూపాయల ఎత్తు చేరాలంటే సుమారు పన్నెండు, పదమూడు మెట్లు. అక్కడున్న నైట్రోజన్ జతని ఆక్సిజన్ వచ్చి మెల్లగా తట్టినా శక్తికి లోటు లేదు. కోలాటంలో చూడండి, జత మారాలంటే చెయ్యి బాగా చాపి ఉన్నవాళ్లే పక్కవాళ్లకి అందుతారు. దగ్గరగా ముడుచుకున్న జత మధ్యలోకి ఎవరూ దూరలేరు. పెద్దగా ఊగుతున్న నైట్రోజన్ ఆ చెయ్యి చాపినట్టే, ప్రతి ఊపులోనూ ఒక క్షణం బంధం సాగి, లూజుగా ఉంటుంది.

నేను దీన్ని పైథాన్‌లో రాసి చూశా. మూడు పరమాణువులు ఒకే గీత మీద, ఒక సింపుల్ శక్తి ఫార్ములా, గట్టు మలుపు తర్వాత పెట్టా. మొదటి రోజు ఒక మైనస్ గుర్తు తప్పు పెట్టి పరమాణువులన్నీ స్క్రీన్ బయటికి ఎగిరిపోయాయి. సరిచేశాక, మొత్తం శక్తి ఒకటే ఉంచి, ఒకసారి అంతా పరుగులో పెట్టా, ఒకసారి ఎక్కువ భాగం ఊగుడులో పెట్టా. పరుగులో పెట్టినవి టపటపా తగిలి వెనక్కి. ఊగుడులో పెట్టినవి, సరైన ఊపులో దొరికినవి, జత మార్చుకుని పక్కకి పోయాయి. రాత్రి రెండింటికి నేనొక్కడినే గదిలో "వచ్చింది!" అని అరిచా. అమ్మ లేచి లైటేసింది.

ఇంతా చేసి, దీని వల్ల పెట్టెకి ఏమైంది? మూడు విషయాలు.

ఒకటి మంచిది. జత మార్పిడి అయినా, విడిపోవడం అయినా, గాలి సొమ్ముని ఖర్చు పెట్టేవే. షాక్ వెనక గాలి ఏ రసాయన చర్యా లేకుండా ఉంటే ఇంకా వేలాది డిగ్రీలు ఎక్కువ ఉండేది. బంధాలు తెంచడంలో ఆ వేడి కొంత కరిగిపోద్ది.

రెండోది చెడ్డది, రేడియో. జత మార్పిడిలో ఒంటరి నైట్రోజన్ బయటికొచ్చింది కదా. దానికి ఒంటరి ఆక్సిజన్ ఎదురైతే, రెండూ కలిసేటప్పుడే ఒక ఎలక్ట్రాన్ ఊడిపోయే దారి ఒకటుంది. ఖర్చు 2.8 రూపాయలే. కక్ష్యలోంచి దిగే వేగాల్లో క్యాప్సూల్ చుట్టూ పుట్టే ఎలక్ట్రాన్లలో ముఖ్య భాగం ఈ దారినే వస్తాయి. ఎలక్ట్రాన్లు చిక్కబడితే రేడియో తరంగాలు దాటలేవు. మనుషులున్న క్యాప్సూల్ దిగేటప్పుడు కొన్ని నిమిషాలు మాట వినపడదు, అంటారే, అది ఇదే. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 దిగేటప్పుడు ఆ నిశ్శబ్దం అనుకున్నదానికంటే ఎక్కువ సేపు సాగింది. కింద హ్యూస్టన్‌లో కూర్చున్నవాళ్ల గుండెలు ఎట్లా కొట్టుకుని ఉంటాయో. రేపు గగన్‌యాన్‌లో మనవాళ్లు దిగేటప్పుడు కూడా ఆ నిశ్శబ్దం ఉంటుంది. నైట్రోజన్ ఎంత త్వరగా ఊగింది అన్నది ఆ నిశ్శబ్దం లెక్కలో ఒక అంకె. అందుకే ఈ పైసల లెక్కలు వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు.

మూడోది మా మామ చెప్పిన పెంకులు. గాలి ఖర్చు పెట్టిన సొమ్ము పోలేదు, ఒంటరి పరమాణువుల్లో అప్పుగా ఉంది. అవి పెట్టె ఒంటిని తాకి, అక్కడ మళ్లీ జత కడితే, ఆ 5.1, 9.8 రూపాయలు వేడిగా ఆ ఒంటి మీదే గుమ్మరిస్తాయి. కొన్ని లోహాల ఉపరితలాలు పెళ్లిళ్ల పేరయ్యలు, వచ్చిన ప్రతి ఒంటరికీ జత కట్టేస్తాయి. సిలికా అలా కాదు, జతలు కట్టడంలో మహా బద్ధకం. ఎస్ఆర్ఈ-1కి ముక్కు దగ్గర కార్బన్ ఫినాలిక్ తొడుగు, అది కాలుతూ అరిగిపోతూ వేడిని మోసుకుపోయేది. మిగతా ఒంటికి సిలికా పలకలు. సిలికా వేడిని లోపలికి పోనివ్వదని అందరికీ తెలుసు. అసలు వేడి పుట్టించేందుకే బద్ధకిస్తుందని నాకు ఈ నెలలోనే తెలిసింది. రక్షణలో ఒక్క చోట తేడా వస్తే ఏమవుద్దో 2003 ఫిబ్రవరి 1న కొలంబియాలో చూశాం. రెక్క అంచుకి పడిన చిల్లులోంచి ఈ గాలే లోపలికి పోయింది. కల్పనా చావ్లాతో పాటు ఏడుగురూ పోయారు.

ఇదంతా పైనెక్కడో కాదు. మెరుపు దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీలకి పోద్ది, అక్కడా జెల్దోవిచ్ గొలుసే. పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ చివరికి నైట్రేట్ అయి వానతో మన పొలంలో పడుద్ది. ఉరుముల వాన పడితే నారు పచ్చబడుద్దని మా తాత అనేవాడు. అందులో కొంత నిజముంది, అట్లని యూరియా బస్తా మానేయకండి, మెరుపు ఇచ్చేది తక్కువే. మీ బండి ఇంజిన్లో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్‌దీ ఇదే దారి. ఇంకా పైకి, అయనోస్ఫియర్‌కి పోతే, ఎలక్ట్రాన్ పోయిన ఆక్సిజన్ నైట్రోజన్‌తో జత మార్చుకుంటుంది. అక్కడ ఖర్చు లేదు, లాభమే, అయినా మామూలుగా బద్ధకంగా నడుస్తుంది. నైట్రోజన్ రెండు, మూడు మెట్లు ఎక్కి ఊగుతుంటే మాత్రం వేగం పదుల రెట్లు పెరుగుద్ది. ఆ పొరలో తేడా వస్తే మీ ఫోన్ జీపీఎస్‌కి తేడా. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న రాడార్‌తో ఆ ఎత్తుల్ని కూడా చూస్తారు. దాని మీద వేరే ఎపిసోడ్ చేయాలి, అక్కడికి పోవడానికి పర్మిషన్ అడుగుతున్నా.

మళ్లీ పెట్టె దగ్గరికి. ఐదు కిలోమీటర్ల ఎత్తుకి వచ్చేసరికి సెకనుకి 8 కిలోమీటర్ల వేగం కాస్తా 101 మీటర్లు అయింది. పారాచూట్లు విచ్చుకున్నాయి. నీళ్లని తాకేటప్పటికి సెకనుకి 12 మీటర్లు, అంటే గంటకి 43 కిలోమీటర్లు. ట్రంకు రోడ్డులో ఖాళీ దొరికితే ఆటోవాడు పోయే స్పీడు. కోస్ట్‌గార్డ్ ఓడ సారంగ్ పోయి పట్టుకొచ్చింది. మా మామకి ఈ మధ్య ఇదంతా చెప్పా, మెట్లు, గట్టు, జేబులు అన్నీ. అంతా విని, "అయితే పెంకులన్నది నేనే గదా ముందు చెప్పింది" అన్నాడు.

చేతులు రుద్దే పాత వీడియో తీసేయమంటారా అని ఆ అమ్మాయిని అడిగా. "ఉంచు అన్నా, కింద ఈ లింక్ పెట్టు" అంది. పెట్టా.